శ్రావణం దాకా

ఏ పోర్షన్ ఖాళీ అయితే ఆ పోర్షన్లో రామకోటేశ్వరరావు మడత మంచం వాలుతుంది. మంచం, కరెంటు పొయ్యి, రెండు గిన్నెలు, బట్టల సంచి, తువ్వాలులో చుట్టి పెట్టుకున్న భార్య మాణిక్యం ఫొటో. అంతే సంసారం. విజయవాడలో రెండు చోట్లా ఉయ్యూరులో ఒక చోటా కలిపి అరడజను పైగా వాటాలున్న మనిషికి తనకంటూ ఇల్లు లేకపోవడమేమిటని మేస్త్రీ సొలొమోను ఒకసారి అడిగాడు.

"ఉన్న ఇంట్లో నేనుంటే అద్దె ఎవరిస్తారయ్యా?" అన్నాడు రామకోటేశ్వరరావు. ఆ మాట చమత్కారంగా వచ్చిందని చాలా రోజులు సంతోషపడ్డాడు కూడా.

ఈసారి మంచం గవర్నర్‌పేట వెనక సందులో వాలింది. రెండేళ్ల క్రితం కొన్న పాత డాబా అది. గేటు తీయగానే ముందు పోర్షన్. దాని పక్కనుంచి సన్నటి నడవ, నడవ చివర వెనక పోర్షన్. ముందు పోర్షన్ వాళ్లు ఖాళీ చేసి వెళ్లాక చూస్తే, వాళ్ల బీరువా ఉన్న చోట గోడంతా తెల్లగా ఉప్పు పూసి ఉంది. వేలితో గీకితే సున్నం పిండిలా రాలింది. సొలొమోను సుత్తి వెనక్కి తిప్పి గోడను అక్కడక్కడా తట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"బోలు పలుకుతోంది సార్. బాత్రూం పైపు లోపలెక్కడో కారుతోంది. ఇటుక కనబడేదాకా కొట్టాల్సిందే."

"పైపైన పుట్టీ పెట్టేస్తే?"

"పెట్టొచ్చండి. వచ్చే వానాకాలం దాకా మనం మంచోళ్లం."

పాత ఇల్లు కొనడం తేలిక. దాని మీద ఒక్క సుత్తి దెబ్బ వేస్తే చాలు, తన కష్టాలన్నీ చెప్పుకోవడం మొదలు పెడుతుంది. ఒక గోడ అనుకున్నది రెండు గోడలయింది. పైపు మార్చడానికి గచ్చు పగలగొడితే కింద మట్టి తడిగా ఉంది. బాత్రూం టైల్సన్నీ లేచిపోయాయి. వైర్లు చూసిన ఎలక్ట్రీషియన్ తల అడ్డంగా ఊపాడు. వేసవిలో మొదలు పెట్టిన పని జ్యేష్ఠం చివరికొచ్చింది. ఇక వచ్చేది ఆషాఢం. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, పాలు పొంగించరు. ఈ నెల దాటితే తాజాగా రంగు వేసిన ఇల్లు శ్రావణం దాకా తాళం పెట్టుకుని కూర్చోవాలి. బ్యాంకు వాయిదాకు మాత్రం శూన్యమాసం పట్టింపు లేదు.

అందుకే మందుల కంపెనీ మేనేజరు తిరుపతిరావు కుటుంబంతో వచ్చి చూసి, "గురువారం పాలు పొంగించేస్తామండీ, తర్వాత మంచి రోజు లేదట" అనగానే రామకోటేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. షరతులన్నీ ఒప్పుకున్నాడాయన. గోడలకు మేకులు కొట్టకూడదన్న షరతు కూడా. ఆ షరతు రామకోటేశ్వరరావు తన మీద కూడా పెట్టుకున్నాడు. మాణిక్యం పోయి ఆరేళ్లయినా ఆమె ఫొటో ఏ గోడకీ ఎక్కలేదు.

సోమవారం పుట్టీ ఉప్పుకాగితంతో రుద్దుతున్నారు. గది నిండా తెల్లటి పొడి. కూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. రామకోటేశ్వరరావు కట్టుకోలేదు, ప్రతి గోడ దగ్గరా నిలబడి అరచేత్తో తడిమి చూస్తూ, "ఇక్కడ గరుకుంది, ఇంకోసారి" అంటున్నాడు. పది రోజులుగా పట్టుకున్న దగ్గు ఆ పొడికి ఇంకా రేగింది. దగ్గి దగ్గి గుమ్మం పట్టుకుని వంగిపోయాడు.

వంగినవాడికి ముందుగా స్టీలు గ్లాసు కనబడింది. తరువాత భద్రమ్మ కనబడింది. వెనక పోర్షన్లో ఉంటుందామె. ఆమె భర్త వెంకటప్పయ్య మగ్గం మానేసి బెజవాడ వచ్చి చీరల వ్యాపారంలో పడ్డవాడు. ఆయన మూట కడితే ఆమె ఇంటింటికీ తిరిగి అమ్మేది.

"మిరియాల చారు. వేడిగా తాగండి."

"ఎందుకండీ మీకు శ్రమ."

"శ్రమేముంది, మాకు పెట్టిందే. పొద్దున ఏమన్నా తిన్నారా?"

"ఆఁ, తిన్నాలెండి."

"ఏం తిన్నారు, పుట్టీ పొడా?"

రామకోటేశ్వరరావు నవ్వబోయి మళ్లీ దగ్గాడు. ఎవరైనా తనను తిన్నావా అని అడిగి ఎన్నాళ్లయిందో ఆలోచిస్తూ చారు తాగాడు. గ్లాసు తిరిగిస్తూ, "ఆయనకెలా ఉందండీ?" అన్నాడు. శనివారం నుంచి వెంకటప్పయ్య ఆసుపత్రిలో ఉన్నాడు.

"ముక్కుకి గొట్టం పెట్టారు. నిన్న కాస్త తెలివొచ్చింది. ఆ నేరేడుపండు రంగు చీర అడ్డదిడ్డంగా మడతపెట్టావు, విప్పి మళ్లీ పెట్టు అన్నాడు." భద్రమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ మాటకి ఇంటికొచ్చి, విప్పి మళ్లీ పెట్టానండీ. పిచ్చిదాన్ని."

ఆమె నడవలోకి వెళ్లిపోయాక రామకోటేశ్వరరావు మనసులోకి ఒక మాట వచ్చింది. గురువారం దాటేదాకా ఆగితే బాగుండు. ఆ మాటకు తనకే సిగ్గేసింది. చేతులు కడుక్కున్నాడు. కడుక్కుంటూ మళ్లీ అదే మాట అనుకున్నాడు.

వెంకటప్పయ్య ఆగలేదు. మంగళవారం తెల్లవారుతుండగా ఫోన్ మోగింది. తెర మీద 'గవర్నర్‌పేట వెనక పోర్షన్' అని కనబడింది. అద్దెకున్న వాళ్ల నంబర్లన్నీ రామకోటేశ్వరరావు అలాగే పెట్టుకుంటాడు, మనుషులు మారతారు గాని పోర్షన్ మారదు కదా. మాట్లాడింది కొడుకు ధనుంజయ్.

"సార్, నాన్న పోయాడండీ."

"అయ్యయ్యో. ఎంత పని జరిగింది బాబూ."

"కాసేపట్లో ఇంటికి తీసుకొస్తున్నాం. స్నానం చేయించి, ఓ గంట ఉంచి, కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్లిపోతాం. మీకు చెబుదామని."

"నేను ఊళ్లో లేను బాబూ. ఉయ్యూరొచ్చాను." ఆ అబద్ధం అతని కంటే ముందే నోట్లోంచి బయటికొచ్చేసింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేక దాని వెంటే నడిచాడు. "నాదేముంది, నాకు అట్లాంటి పట్టింపులు లేవు. కాని గురువారం కొత్తవాళ్లు పాలు పొంగించుకుంటున్నారు. గేట్లోకి శవం వచ్చిందంటే వాళ్లు మళ్లీ గడప తొక్కరు. కాస్త బయటే కానిచ్చేయండి. సొలొమోను ఉంటాడు, మీకేం కావాలన్నా చూస్తాడు."

"ఇంట్లోకి వద్దులెండి సార్. నడవలో పెట్టుకుంటాం. తొమ్మిదేళ్లు ఆ నడవలోనే కూర్చుని చీరలు మడత పెట్టాడండీ ఆయన."

అది నిజమే. ఇల్లు కొనేనాటికే వాళ్లు అందులో అద్దెకున్నారు. ఆ నడవ తనకంటే వెంకటప్పయ్యకే బాగా తెలుసు.

"అర్థం చేసుకో బాబూ," అన్నాడు రామకోటేశ్వరరావు. "దినాలు కూడా ఎక్కడైనా బంధువుల దగ్గర పెట్టుకుంటే మీకే బాగుంటుంది."

"సరేనండీ," అన్నాడు ధనుంజయ్.

వద్దు అన్న మాట ఎవరూ అనలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. రామకోటేశ్వరరావు సొలొమోనును పిలిపించి, కొత్తవాళ్ల కోసం కొని ఉంచిన తాళం గేటుకు వేయమన్నాడు. వాళ్ల సామాన్లకి ఎవరొచ్చినా తీయమన్నాడు, శవానికి తప్ప. తరువాత ఇంకో తాళం చేతికిచ్చాడు.

"ఇదెందుకు సార్?"

"నేను లోపలుంటాను. నా తలుపుకి బయట తాళం వెయ్యి. ఉయ్యూరెళ్లానని చెప్పానయ్యా."

సొలొమోను తాళం వంక చూశాడు, ఆయన వంక చూడలేదు. బయట గడియ పడిన చప్పుడు, తాళం నొక్కిన చప్పుడు వినబడ్డాయి. సొంత ఇంట్లో బయట తాళం పెట్టించుకుని కూర్చున్న ఓనరు బెజవాడ మొత్తానికి తనొక్కడే అయి ఉంటాడని రామకోటేశ్వరరావు అనుకున్నాడు, కాని నవ్వు రాలేదు. కిటికీలు మూసే ఉన్నాయి. ఫ్యాను వేస్తే చప్పుడవుతుంది. ముందు రోజు సాయంత్రం పూసిన ప్రైమర్ వాసన గొంతులో పట్టుకుంది. మంచం అంచున చెమట కారుతూ కూర్చున్నాడు.

వ్యాను వచ్చి ఆగింది. ఏడుపులు మొదలయ్యాయి. మనుషులు తక్కువే, ఏడుపు కూడా వీధి అని తెలిసి ఏడుస్తున్నట్టుంది. సైకిల్ బెల్లు, "కాస్త జరగండి, ఆటో పోవాలి" అన్న గొంతు. బల్ల ఈడ్చిన చప్పుడు. తరువాత ఒక ఆడమనిషి, "వీధిలో స్నానమెట్లా చేయిస్తారే?" అంది.

"సొలొమోనూ, మా గదిలో చీరల మూట ఉంది, తీసుకురా నాయనా," అంది భద్రమ్మ గొంతు.

రామకోటేశ్వరరావు లేచి కిటికీ రెక్కల సందులోంచి చూశాడు. భద్రమ్మ గేటు బయట నేల మీదే మూట విప్పింది. ఒక్కొక్క చీరా మడత విదిల్చి ఆడవాళ్ల చేతికిచ్చింది. వాళ్లు బల్ల చుట్టూ నిలబడి చీరలు ఎత్తి పట్టుకున్నారు. అమ్మకానికి తెచ్చిన కొత్త చీరలు, మడతల గీతలు కూడా పోలేదు. పసుపుపచ్చ, ఆకుపచ్చ, నేరేడుపండు రంగు. లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు. నీళ్లు చీరల అంచులు తడుపుకుంటూ సందు వాలులో కాలవలోకి పోతున్నాయి. ఆ సందులో అంత అందమైన గోడ ఎవరూ కట్టలేదు. దాని వెనక మగ్గం నేసిన మనిషి చివరి స్నానం చేస్తున్నాడు. తాళం వేసిన గేటు బయట.

అప్పుడొచ్చింది దగ్గు. రామకోటేశ్వరరావు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. గోడకు చెయ్యి ఆనిస్తే ఆరని ప్రైమర్ మీద అయిదు వేళ్లూ పడ్డాయి. ఎంత ఆపుకున్నా ఒక్క దగ్గు జారిపోయింది. బయట నీళ్ల చప్పుడు ఆగింది. ఏడుపు కూడా ఆగినట్టయింది.

"ఓనరుగారెక్కడ, సొలొమోనూ?" అంది భద్రమ్మ.

"ఉయ్యూరెళ్లారమ్మా."

తరువాత ఆమె, "పొయ్యండి, నీళ్లు పొయ్యండి. ఎండెక్కుతోంది," అంది.

వాళ్లు వెళ్లిపోయాక సొలొమోను తలుపు తాళం తీశాడు. బకెట్లతో నీళ్లు తెచ్చి సందంతా కడిగాడు. గోడ మీద వేలిముద్రలు చూసి, ఏమీ అడగకుండా ఉప్పుకాగితం తీసుకుని రుద్దేశాడు. సాయంత్రం టీ తెప్పిస్తే తాగకుండా వెళ్లిపోయాడు. భద్రమ్మ వాళ్లు దినాలకు మంగళగిరిలో చెల్లెలింటికి వెళ్లారని మాత్రం చెప్పాడు.

గురువారం పాలు బ్రహ్మాండంగా పొంగాయి. ఆ పొంగడం రామకోటేశ్వరరావు చూడలేదు. తిరుపతిరావు ముందుగానే ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, చేతులు నలుపుకుంటూ, "ఏమనుకోకండి సార్, మా అమ్మకి సెంటిమెంట్లు ఎక్కువ. పాలు పొంగే టైముకి ఇంట్లో దగ్గు వినబడకూడదంటోంది. ఒక్క పది నిమిషాలు అలా బయట కూర్చుంటే" అన్నాడు.

"దానికేముందండీ," అన్నాడు రామకోటేశ్వరరావు.

గేటు బయట ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. మంచం, సంచి, పొయ్యి అప్పటికే బయటికొచ్చి పక్కన ఉన్నాయి. గేటు లోపలినుంచి గంట మోగింది, నవ్వులు వినబడ్డాయి. కాళ్ల దగ్గర, ఎంత కడిగినా పోని ఒక బంతిపువ్వు రేక రాయి సందులో అతుక్కుని ఉంది. ఎవరో పిల్ల వచ్చి కాగితం గ్లాసులో పాలు ఇచ్చి వెళ్లింది. అవి తాగుతుండగా తట్టింది. ఎప్పుడూ ఒక ఇల్లు నిండే సరికి ఇంకో ఇల్లు ఖాళీ అయ్యేది. ఈసారి అన్నీ నిండాయి. ఏళ్ల తరబడి దేని కోసం తిరిగాడో అది జరిగింది. ఇప్పుడు మంచం ఎక్కడ వెయ్యాలి?

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాడు. మర్నాడూ అక్కడే. అట్లా రెండు వారాలు గడిచాయి. లాడ్జిలో నల్లులతో పాటు దగ్గు కూడా పెరిగింది. పక్క గదివాడు గోడ మీద తట్టేవాడు. ఒక మందుల చీటీ, ఒక సిరప్ సీసా సంచిలో చేరాయి. ఉయ్యూరులో తమ్ముడున్నాడు గాని, గట్టు తగాదాలో మాటలు ఆగిపోయి చాలా కాలమయింది. ఒక్క గది చూసుకుందామని బయల్దేరాడు. ఆషాఢం వచ్చేసింది. తన ఇంటికి పనికిరాని ఆషాఢం తనకు పనికొస్తుందనుకున్నాడు, ఈ నెలలో అడిగేవాడే ఉండడు గనక ఎవరైనా కళ్లకద్దుకుని ఇస్తారని.

ఎవరూ కళ్లకద్దుకోలేదు. "ఒక్కరేనా? ఫ్యామిలీకే ఇస్తామండీ" అన్నారు. "బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అన్నారు, అరవై రెండేళ్ల వాడిని పట్టుకుని. ఆ మాట తనెంతమందితో అన్నాడో గుర్తొచ్చి గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

చివరికి సత్యనారాయణపురంలో మేడ మీద గది ఒకటి దొరికేలా కనబడింది. ఓనరు శ్రీదుర్గ, నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తురాలు. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

"గది శుభ్రంగా ఉందండీ. ఆ మూల చెమ్మ మీద పుట్టీ పెట్టించారు గాని, లోపల పైపు చూపించండి," అన్నాడు అలవాటు కొద్దీ.

"మీకు ఇళ్ల గురించి బాగా తెలుసే." ఆమె నవ్వింది. "అంకుల్, ఒక మాటడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆరోగ్యం బాగానే ఉంటుందా?"

"దగ్గు తప్ప ఏమీ లేదమ్మా."

"అది కాదండీ. మా అత్తగారికి పట్టింపులు. మీరు పెద్దవారు, ఒక్కరే ఉంటానంటున్నారు. రేపేదన్నా అయితే... తీసుకెళ్లడానికి మీవాళ్లెవరన్నా ఉన్నారా? నాకేం లేదండీ, నాకలాంటివి లేవు."

ఆమె గొంతులో ఎక్కడా కరకుదనం లేదు. సరిగ్గా ఆ మెత్తటి గొంతే, ఆ మాటలే, ఆ మంగళవారం తెల్లవారుజామున తను ధనుంజయ్‌తో అన్నవే.

"ఉన్నారమ్మా," అన్నాడు.

"ఒక్క నంబరు ఇస్తారా? ఊళ్లోవాళ్లదయితే మంచిది."

ఫోన్ తీశాడు. అజిత్‌సింగ్‌నగర్ పై పోర్షన్. అజిత్‌సింగ్‌నగర్ షాపు. ఉయ్యూరు మేడ. గవర్నర్‌పేట ముందు పోర్షన్. వేలు పైకీ కిందికీ జరిపాడు. అందులో మనుషుల పేర్లే లేవు. ఇంతమందిలో తను పడిపోతే ఎవరొచ్చి ఎత్తుతారని వెతికితే, మిరియాల చారు గ్లాసు పట్టుకున్న చెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ నంబరు మీద వేలు ఆగింది. ఏ ముఖం పెట్టుకుని ఇస్తావు అనుకున్నాడు. ఇచ్చాడు.

"పేరేమని రాసుకోనండీ? ఇక్కడ వెనక పోర్షన్ అని ఉంది."

"భద్రమ్మగారు," అన్నాడు.

ఆమె రాసుకుని ఊరుకుంటుందనుకున్నాడు. ఆమె అక్కడికక్కడే కలిపి స్పీకరు పెట్టింది. వద్దమ్మా అనబోయే లోపే అవతల ఎత్తారు.

"హలో, భద్రమ్మగారేనాండీ? ఇక్కడ రామకోటేశ్వరరావుగారని, మా ఇంట్లో గదికొచ్చారు. మీ నంబరిచ్చారు. మీకు తెలుసా?"

"తెలుసమ్మా. మా ఓనరుగారు."

శ్రీదుర్గ తలెత్తి ఆయన వంక చూసింది. ఓనరుకి అద్దె గదెందుకో ఆమెకు అర్థమయినట్టు లేదు. అయినా అడగాల్సింది అడిగింది.

"ఏం లేదమ్మా, పెద్దాయన ఒక్కరే ఉంటారు కదా. రేపు రాత్రివేళ ఏదన్నా అయితే మీరు వస్తారా అని..."

ఫోన్లో కుక్కర్ కూత వినబడింది. అది ఆగేదాకా భద్రమ్మ మాట్లాడలేదు.

"ఆయనకి దగ్గమ్మా. ఆపుకుంటే ఎక్కువవుతుంది. ఆపుకోవద్దని చెప్పండి," అంది. "మొన్న మా ఆయన పోయిన రోజు కూడా పాపం లోపల కూర్చుని ఆపుకున్నాడు."

రామకోటేశ్వరరావు నేల వంక చూస్తున్నాడు.

"దినాలయ్యాయి, ఇంటికొచ్చేశాం. మేమెట్లాగూ ఖాళీ చేస్తున్నాం. ఆషాఢంలో ఎక్కడికీ కదలకూడదని ఉన్నాం. శ్రావణం దాకా ఇక్కడే. ఆ లోపల ఏమన్నా అయితే మా ఇంటికే తీసుకురమ్మా. లోపలికే. గేటు తాళంచెవి సొలొమోను ఇచ్చి వెళ్లాడు, నా దగ్గరుంది." కుక్కర్ మళ్లీ కూసింది. "శ్రావణం వచ్చాక మేమెక్కడుంటామో, ఎట్లాంటి ఓనరొస్తాడో నాకు తెలియదు. అప్పటి మాట ఇప్పుడు చెప్పలేను. ఉంటానమ్మా, అన్నం మాడుతోంది."

శ్రీదుర్గ ఫోన్ కింద పెట్టింది. ఆమెకు కావలసిన హామీ దొరికింది. గది ఇస్తానంది. కరెంటు బిల్లు వేరు అంది. రాత్రి పది దాటాక గేటు వేసేస్తామంది.

"గోడలకి మేకులు మాత్రం కొట్టకండి అంకుల్. కొత్తగా రంగు వేయించాం."

"కొట్టనమ్మా," అన్నాడు రామకోటేశ్వరరావు. రేపు వచ్చి చెప్తానని లేచాడు.

ఆటో ఎక్కితే ఎక్కడికని అడిగాడు డ్రైవరు. లాడ్జి పేరు చెప్పబోయి గవర్నర్‌పేట అన్నాడు. సందు మొదట్లో దిగి నడిచాడు. దీపాలు పెట్టే వేళయింది. ముందు పోర్షన్ కిటికీలకు కొత్త కర్టెన్లు వచ్చాయి, లోపల టీవీ మోగుతోంది. గోడలు బాగా కుదిరాయి, ఎక్కడా చెమ్మ లేదు. గేటు ముందు నిలబడ్డాడు. ఆ తాళానిదే ఇంకో చెవి అతని జేబులోనూ ఉంది. చెయ్యి జేబులోకి వెళ్లింది గాని బయటికి రాలేదు. పిలుద్దామనుకున్నాడు. ఇన్నాళ్లూ గేటు తట్టి "ఓనర్ని" అనేవాడు. ఇప్పుడేమనాలో తెలియలేదు. ఏమని అడగాలో, దేనికి క్షమించమనాలో ఒక్క మాటా కుదరలేదు. ఇంటి ముందు దాకా వచ్చి తిరిగి పోవడమే నయమనిపించింది.

అంతలో దగ్గు వచ్చింది. తువ్వాలు చేతిలోనే ఉంది, నోటికి పెట్టుకోలేదు. గేటు ఊచ పట్టుకుని, కళ్లనీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

నడవ చివర గిన్నెల చప్పుడు ఆగింది.

"గేటు తీసే ఉంది," అంది భద్రమ్మ లోపలినుంచి. "రండి."